బీరు బట్టీని నిలబెట్టిన ఇల్లాలు

లండన్ నగరంలో థేమ్స్ నదికి దక్షిణపు ఒడ్డున సదర్క్ అనే పేట ఉంది. 1763 ప్రాంతంలో అక్కడ కాపురం పెట్టాలంటే ఉన్నవాళ్లింటి ఆడపిల్లలు ససేమిరా అనేవారు. తోళ్లు నానబెట్టే తొట్లు, వెనిగర్ కాచే కొట్లు, వాటి నడుమ ఒక పేద్ద బీరు బట్టీ. పేరు యాంకర్ బ్రూవరీ. యాంకర్ అంటే లంగరు. 1616లో మొదలైన బట్టీ అది. దాని యజమాని హెన్రీ థ్రేల్ అందగాడు, ఆక్స్‌ఫర్డ్‌లో చదివినవాడు, కావలసినంత డబ్బున్నవాడు. అయినా సంబంధం కుదరలేదు. ఊరి బయట స్ట్రెటమ్‌లో తోటల మధ్య బంగళా ఉంది కదా అంటారేమో! చలికాలమంతా సదర్క్‌లో బట్టీని ఆనుకుని ఉన్న ఇంట్లోనే ఉండాలని ఆయన షరతు. అడిగిన వాళ్లంతా కాదన్నారు. ఒప్పుకున్నది హెస్టర్ ఒక్కతే. ఈ సంగతి తర్వాత ఆమే రాసుకుంది. తనని చేసుకోవడానికి అంతకు మించి కారణమేమీ లేదని కూడా కలిపి రాసింది. ఎంత చేదు మింగితే ఒక ఆడది అలా రాయగలుగుతుందో ఆలోచించండి.

ఈవిడ పేరు నాకు మొదట తగిలింది ఇంగ్లిషు సాహిత్యం పాఠాల్లో. 1755లో పెద్ద ఇంగ్లిషు నిఘంటువు తెచ్చిన డాక్టర్ శామ్యూల్ జాన్సన్ గురించి చెప్పేటప్పుడు, ఆయనకు ఆశ్రయమిచ్చి టీ పోసిన గృహిణిగా మిసెస్ థ్రేల్ పేరు ఒక్క వాక్యంలో వచ్చి పోయేది. అంతే. ఆమె స్వయంగా రాసుకున్న డైరీల సంగతి తెలిశాకే, టీ పోసిన ఆ చేతులే ఒక మహా వ్యాపారం మునిగిపోకుండా పట్టుకున్నాయని నాకు అర్థమైంది.

సారా మీద తిరగబడిన దూబగుంట ఆడవాళ్ల రాష్ట్రంలో బీరు బట్టీ కథేమిటమ్మా అని మీరు అడగొచ్చు. న్యాయమే. కానీ ఇది తాగుడు కథ కాదు. పేరు మగవాడిది, పరువు మగవాడిది, మోసే భుజం మాత్రం ఇల్లాలిది అయిన ఇంటి కథ. అలాంటి ఇళ్లు మనకి కొత్తా?

హెస్టర్ లించ్ సాల్స్‌బరీ 1741 జనవరిలో వేల్స్‌లో పుట్టింది. గొప్ప వంశం, ఖాళీ ఖజానా. తండ్రి ఆస్తి కరగబెట్టుకుని, బతుకుతెరువు వెతుక్కుంటూ అట్లాంటిక్ దాటి నోవా స్కోషియాకు వెళ్లాడు. ఒక్కతే కూతురు. తల్లి దగ్గరా, బంధువుల ఇళ్లలోనూ పెరిగింది. ఫ్రెంచి, ఇటాలియన్, స్పానిష్ నేర్చుకుంది. ఆర్థర్ కొలియర్ అనే పండితుడు ఇంటికి వచ్చి లాటిన్ చెప్పాడు. ఆ రోజుల్లో అంత చదువుకున్న ఆడపిల్లలు అరుదు.

ఆమెకు ఈ పెళ్లి ఇష్టం లేదు. తండ్రికి అసలే లేదు, బీరు కాచేవాడికి మా పిల్లనిస్తామా అని మండిపడ్డాడు. తల్లికీ, పినతండ్రి సర్ థామస్‌కీ నచ్చింది. తండ్రి 1762 డిసెంబరులో హఠాత్తుగా పోయాడు. ఇంక అడ్డు చెప్పేవాళ్లు లేరు. 1763 అక్టోబరు 11న పెళ్లయిపోయింది. పినతండ్రి 10,000 పౌన్ల కట్నం ఇచ్చాడు.

కొత్త కోడలికి ఆ ఇంట్లో ఏం పని ఉంది? చెబితే నవ్వొస్తుంది. వంటింటి పెత్తనం కూడా లేదు! ఏం వండాలో హెన్రీయే చెప్పేవాడు. బల్ల మీదికి వచ్చేదాకా ఆ పూట భోజనంలో ఏముందో తనకు తెలిసేది కాదని హెస్టర్ రాసుకుంది. గుర్రపుస్వారీ ఆమెకు ప్రాణం, అది ఆడవాళ్లకు తగదని మాన్పించాడు. బట్టీ లెక్కలు ఆడవాళ్లకు సంబంధం లేనివి. మిగిలింది పిల్లల్ని కనడం. 1764 నుంచి 1778 దాకా పన్నెండు మందిని కన్నది.

పన్నెండు మంది! పెరిగి పెద్దయింది నలుగురు ఆడపిల్లలే. మొదటి కూతురికి తన పేరే పెట్టారు, ముద్దుపేరు క్వీనీ. ఆ పిల్లకు రెండేళ్లు నిండిన రోజున, 1766లో, హెస్టర్ ఒక నోటుపుస్తకం తెరిచింది. పిల్లలు ఏ వయసుకి ఏం నేర్చుకున్నారు, ఏ జబ్బు చేసింది, ఏ మందు వేశారు... అన్నీ అందులో రాసేది. పన్నెండేళ్లు రాసింది. పిల్లల పెంపకం పుస్తకంగా మొదలైనది పోను పోను చావుల చిట్టా అయింది. ఎంతమంది వైద్యులు వచ్చినా, ఎంత డబ్బున్నా, ఆ కాలంలో తట్టు, జ్వరం ఇంట్లోకి వస్తే అంతే సంగతులు.

1765 జనవరిలో ఒక స్నేహితుడు జాన్సన్‌ని భోజనానికి తీసుకొచ్చాడు. భారీ మనిషి, మాసిన బట్టలు, ఊరకే అదిరే చేతులు, అంతులేని పాండిత్యం. మరుసటి ఏడాది ఆయన మనసు చెడి గదిలోంచి బయటికి రాని స్థితిలో ఉంటే, భార్యాభర్తలు వెళ్లి స్ట్రెటమ్‌కి తీసుకొచ్చేశారు. అప్పటి నుంచి పదహారేళ్ల పాటు ఆయన ఆ ఇంటి మనిషే. సదర్క్ ఇంట్లోనూ ఆయనకో గది ఉండేది. రాత్రి తెల్లవార్లూ మాట్లాడుతూ కూర్చుంటే హెస్టర్ టీ కాచి పోస్తూ ఉండేది. కొవ్వొత్తికి మరీ దగ్గరగా పెట్టుకుని చదివి చదివి ఆయన విగ్గు ముందు భాగం కాలిపోయేది. భోజనాల వేళకి నౌకరు గుమ్మంలో నిలబడి ఆ కాలిన విగ్గు తీసి మంచిది పెట్టేవాడు. అలాంటి అతిథిని ఏళ్ల తరబడి ఓర్చుకోవడం ఏ ఇల్లాలికైనా తేలికా చెప్పండి! అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ఆమెకు బుద్ధి ఉందని గుర్తించి, బట్టీ వ్యవహారం నువ్వూ తెలుసుకో అని చెప్పింది ఆ ముసలాయనే.

అసలు ఆ వ్యాపారం ఎలా నడుస్తుందో కాస్త చెప్పాలి, లేకపోతే 1772 కష్టం మనకి అర్థం కాదు. వాళ్లు కాచేది పోర్టర్ అనే నల్లటి బీరు. రేవుల్లో, బజార్లలో మూటలు మోసే కూలీల వల్ల దానికా పేరు వచ్చింది. బార్లీ గింజల్ని నానబోసి, మొలక రాగానే ఎండబెట్టి, ముదురు రంగు వచ్చేదాకా వేడి పట్టిస్తే మాల్టు. దాన్ని పిండి కొట్టించి వేడినీళ్లలో కలిపి, ఆ తీపినీళ్లు వడకట్టి, చేదు కోసం హాప్స్ అనే పువ్వులు వేసి మరిగించి, చల్లారాక ఈస్టు కలిపి పులియబెడతారు. తర్వాత గదులంత కొయ్య పీపాల్లో నెలల తరబడి నిల్వ ఉంచాలి. ఎండాకాలంలో కాస్తే చెడిపోతుంది కాబట్టి కాపు చలికాలంలోనే. మన ఆవకాయలాగే, కాలం తప్పితే ఏడాది తప్పినట్టే.

ఇందులో తిరకాసు ఎక్కడుందంటే, బార్లీకి, హాప్స్‌కి డబ్బు ముందు పెట్టాలి. సర్కారు పన్ను కట్టాలి. సరుకు నెలల పాటు పీపాల్లో పడి ఉంటుంది. తీరా అమ్మేది పబ్బులకు, అదీ అరువు మీద. పబ్బు నడిపేవాడు చిన్నవాడు, వాడికి మళ్లీ బట్టీ యజమానే అప్పులివ్వాలి, కొన్నిచోట్ల ఇంటి లీజు కూడా తనే తీసుకోవాలి. అలా చేస్తే ఆ పబ్బులో ఇంకొకరి బీరు పొయ్యరు. అంటే బయటికి కోటలా కనిపించే బట్టీ లోపల అంతా అప్పుల అల్లిక. ఒక్క ఏడాది కాపు పాడైతే మొత్తం జారిపోతుంది.

సరిగ్గా అదే జరిగింది. హంఫ్రీ జాక్సన్ అనే రసాయనాల మనిషి హెన్రీకి తగులుకున్నాడు. మాల్టు అక్కర్లేదు, హాప్స్ అక్కర్లేదు, నా పద్ధతిలో బీరు కాచేయొచ్చు అన్నాడు. హెన్రీ నమ్మాడు. అది చాలక, ఓడల అడుగు చెక్కల్ని పురుగు తినకుండా కాపాడే ద్రావకం తయారుచేస్తానంటే, దానికోసం వేరే చోట పెద్ద పెద్ద తొట్లు కట్టించి వేల పౌన్లు పోశాడు. భార్యతో ఒక్క మాట చెప్పలేదు. పబ్బుల వాళ్లు సరుకు బాగాలేదని ముఖాన తిప్పికొట్టారు. అమ్మడానికి మంచి బీరు లేదు. అదే సమయంలో, 1772 జూన్‌లో, ఫోర్డైస్ అనే బ్యాంకరు చేతులెత్తేసి పారిపోయాడు. లండన్‌లో ఎవరూ ఎవరికీ అప్పు పుట్టించని రోజులు వచ్చాయి.

బట్టీ అప్పు 1,30,000 పౌన్లని హెస్టర్ లెక్క రాసింది. హెన్రీ ఏం చేశాడు? కూలబడ్డాడు. పలకడు, కదలడు. గుమాస్తాలు ఇంక ఈయన దగ్గర పనిచేయం, పోతాం అన్నారు. అప్పుడు ఆమెకు ముప్ఫై ఒకటో ఏడు, కడుపుతో ఉంది.

ముందుగా తల్లి దగ్గరికి వెళ్లింది. ఆవిడ అప్పటికే రొమ్ము కేన్సరుతో బాధపడుతోంది. తన దగ్గరున్న దాదాపు 3,000 పౌన్లు తీసి కూతురి చేతిలో పెట్టింది. హెన్రీ చెల్లెలు లేడీ లేడ్ 5,000 ఇచ్చింది. అది సరిపోక, నిండు గర్భంతో గుర్రపు బండెక్కి సముద్రతీరాన బ్రైటన్‌లో ఉన్న స్క్రేజ్ అనే వృద్ధ లాయరు ఇంటికి వెళ్లింది. ఆ రోజుల్లో అది గతుకుల దారి. ఆయన నమ్మి సొమ్మిచ్చాడు. గమనించండి, వీళ్లలో చాలామంది హెన్రీ ముఖం చూసి ఇవ్వలేదు. గుమాస్తాల దగ్గరికీ ఆమే వెళ్లి కూర్చుని మాట్లాడింది. నీ కోసమైతే ఉంటాం అన్నారు. జాన్సన్ ధైర్యం చెబుతూ పక్కనే ఉన్నాడు. పెద్ద గుమాస్తా జాన్ పెర్కిన్స్, ఆమె కలిసి చిట్టాలు ముందేసుకుని ఎవరికెంత, ఎప్పటికి అని లెక్క తేల్చారు.

ఆ సెప్టెంబరులో పుట్టిన పాప కొన్ని గంటలు మాత్రం బతికింది. పెనలోపీ అని పేరు పెట్టారు. బట్టీ నిలిచింది. అప్పు మొత్తం తీరడానికి ఏళ్లు పట్టింది కానీ తీరింది.

ఆ తర్వాతి ఏడాది జూన్‌లో తల్లి పోయింది, నవంబరులో నాలుగేళ్ల లూసీ పోయింది. మధ్యలో పినతండ్రి పోయాడు. హెస్టర్‌కే వస్తుందని అందరూ అనుకున్న ఎస్టేటు ఆయన రెండో భార్యకి వెళ్లింది. ఇవన్నీ ఒక్క 1773లోనే.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ 1776 మార్చి 23న తగిలింది. హారీ అప్పటికి బతికున్న ఒక్కగానొక్క కొడుకు, తొమ్మిదేళ్లవాడు. బట్టీలో గుమాస్తాల దగ్గర, కూలీల దగ్గర తిరుగుతూ అందరికీ చేరికైనవాడు. రేపు ఈ బట్టీ వాడిదే. పొద్దున ఆడుతూ తిరుగుతున్న పిల్లవాడు సాయంత్రానికి లేడు. ఇంటిల్లిపాదీ ఇటలీ వెళ్లాలని అంతకుముందే ఏర్పాట్లు చేసుకున్నారు. ఆ ప్రయాణం ఆగిపోయింది. హెన్రీ ఆ రోజు నుంచి మళ్లీ మామూలు మనిషి కాలేదు. బట్టీకి వారసుడు కావాలి, కాబట్టి ఆమె మళ్లీ మళ్లీ గర్భవతి కావాలి.

ఆ ఏడాదే హెన్రీ ఆమెకు ఆరు ఖాళీ పుస్తకాలు చక్కగా బైండు చేయించి ఇచ్చాడు. పైన థ్రేలియానా అని పేరు అచ్చు వేయించాడు. దానికి మాత్రం ఆయన్ని మెచ్చుకోవాలి. మనసులో మాటలు, విన్న కబుర్లు, చదివినవి, ఏడ్చినవి అన్నీ వాటిలో పోసింది. ఈ కథలో చాలా భాగం మనకి తెలిసింది వాటి వల్లే.

హెన్రీ మొదటినుంచీ బయటి తిరుగుళ్లు ఉన్న మనిషి. అవి ఆమెకు తెలుసు. తర్వాత సోఫీ స్ట్రెట్‌ఫీల్డ్ అనే అందగత్తె మీద, భార్య ఎదుటే, మోజు పడ్డాడు. ఒకరోజు భోజనాల బల్ల దగ్గర, సోఫీకి గొంతు నొప్పిగా ఉంది, గాలి తగులుతోంది, నువ్వు లేచి నీ కుర్చీ ఆమెకివ్వు అని భార్యతో అన్నాడు. హెస్టర్ అప్పుడు గర్భవతి. అతిథులంతా చూస్తుండగా కన్నీళ్లతో లేచి వెళ్లిపోయింది. జాన్సన్ అక్కడే ఉన్నాడు, కిక్కురుమనలేదు. మహా పండితులు నోరు మెదపాల్సిన చోట మెదపకపోవడం నాకు ఎప్పటికీ మింగుడు పడదు.

1779 ఆగస్టులో బట్టీలో గుమాస్తాలు కొట్లాడుకున్నారు. అప్పటికే హెన్రీకి ఒకసారి పక్షవాతం వచ్చి పోయింది. తగవు తీర్చడానికి నువ్వు రావాల్సిందే అని భార్యని పట్టుబట్టి తీసుకెళ్లాడు. నెలలు నిండుతున్న మనిషి. తగవు తీర్చింది కానీ అక్కడే నొప్పులు మొదలయ్యాయి. మగపిల్లవాడు, చనిపోయి పుట్టాడు. వారసుడి కోసం ఇన్నేళ్లు తపించిన ఇల్లు, ఆ వారసుడిని బట్టీ తగవులోనే పోగొట్టుకుంది.

అయినా ఆమె చాకిరీ తగ్గలేదు. హెన్రీ సదర్క్ తరఫున 1765 నుంచి పార్లమెంటు సభ్యుడు. 1780 ఎన్నికల్లో ఆయన మాట్లాడలేని స్థితిలో ఉంటే ఆమే వీధి వీధీ తిరిగి ఓట్లడిగింది. ఓడిపోయారు. అంతకు ముందు జూన్‌లో లండన్‌లో కేథలిక్కుల మీద అల్లర్లు చెలరేగి, జైళ్లూ ఇళ్లూ తగలబెడుతున్న గుంపు ఒకటి యాంకర్ బట్టీ మీదికి వచ్చింది. పెర్కిన్స్ తెలివైనవాడు. తలుపులు మూసుకోకుండా వాళ్లకి మాంసం, బీరు పెట్టించి, సైనికులు వచ్చేదాకా కాలం గడిపాడు. ఒక్క ఇటుక పోలేదు.

1781 ఏప్రిల్ 4న హెన్రీ పోయాడు. వైద్యులు వద్దంటున్నా వినకుండా తిన్న తిండే ఆయన ప్రాణం తీసింది. నలభైయేళ్ల విధవ, అయిదుగురు ఆడపిల్లలు, లండన్‌లో పేరు మోసిన బట్టీ. వీలునామా ప్రకారం వ్యవహారం చూడాల్సిన వాళ్లలో ఆమె ఒకరు, జాన్సన్ ఒకరు. ఆయన సిరాబుడ్డి, కలం పట్టుకుని బట్టీలో హడావుడిగా తిరిగేవాడు, ఆయనకు భలే సరదాగా ఉంది! వ్యాపారం మనమే నడుపుదాం అని కూడా ఉబలాటపడ్డాడు. హెస్టర్ రోజూ సదర్క్ వెళ్లి లెక్కలు చూసింది, చూసి చూసి అమ్మేయాలని తేల్చుకుంది. చిన్న పొరపాటుకు మొత్తం మునిగే పని అది అని ఆమెకు 1772 నేర్పింది.

బ్యాంకింగు కుటుంబానికి చెందిన బార్‌క్లేలు కొన్నారు. ధర 1,35,000 పౌన్లు. తొమ్మిదేళ్ల కిందట దాదాపు అంతే అప్పుతో మునగబోయిన బట్టీ! పెర్కిన్స్‌ను కూడా భాగస్వామిగా చేర్చుకున్నారు. బార్‌క్లే పెర్కిన్స్ అనే పేరుతో ఆ కంపెనీ 1815 నాటికి ఏడాదికి 3 లక్షల పీపాలకు పైగా కాచింది. అక్కడి చిక్కటి నల్లబీరు ఓడలెక్కి రష్యా మహారాణి కేథరిన్ కొలువుకి వెళ్లేది. ఇంపీరియల్ స్టౌట్ అనే పేరు వచ్చింది అందుకే. 1955లో కరేజ్ అనే మరో బీరు కంపెనీలో కలిసిపోయి, 1981లో కట్టడాలు కూల్చేశారు. షేక్‌స్పియర్ నాటకాలాడిన గ్లోబ్ నాటకశాల పునాదులు 1989లో ఆ బట్టీ స్థలంలోనే బయటపడ్డాయి. నది ఒడ్డున యాంకర్ అనే పాత పబ్బు మాత్రం ఇప్పటికీ ఉంది. ఒకప్పుడు బట్టీ సరుకు మొదట పోసే చోటు అదే. వచ్చేవాళ్లకి అక్కడ జాన్సన్ పేరు చెబుతారు.

అప్పటిదాకా హెస్టర్‌ని లోకం మెచ్చుకుంది. ఓర్పు గల భార్య, పండితుల్ని ఆదరించే ఇల్లాలు, తెలివైన విధవరాలు. తర్వాత ఆమె చేసిన పనికి ఆ లోకమే ఛీ కొట్టింది. ఆమె ప్రేమించింది.

గేబ్రియల్ పియోట్సి ఇటలీ నుంచి వచ్చిన గాయకుడు, సంగీతం మాస్టారు. క్వీనీకి పాఠం చెప్పేవాడు. హెస్టర్ వయసువాడే. అన్నట్టు, అతన్ని మొదటిసారి ఒకరింట్లో చూసినప్పుడు, అతను పియానో దగ్గర పాడుతుంటే వెనక నిలబడి చేతులు తిప్పుతూ వెక్కిరించింది ఈవిడే! ఆ ఇంటాయన వచ్చి మందలించాడు కూడా. అలాంటి మనిషి దగ్గర ఆమె జీవితంలో మొదటిసారి మెత్తదనం చూసింది.

ఆంక్షలు చట్టంలో లేవు. విధవ మళ్లీ పెళ్లాడటం అక్కడ తప్పు కాదు. కానీ విదేశీయుడు, కేథలిక్కు, పైగా డబ్బు తీసుకుని పాడేవాడు! పెద్దింటి కూతుళ్లకు అలాంటి సవతి తండ్రి ఉంటే సంబంధాలు ఎలా వస్తాయి? క్వీనీకి అప్పటికి పద్దెనిమిదేళ్లు, రాయి లాంటి పిల్ల. తల్లిని నిలదీసింది. స్నేహితులు, నవలా రచయిత్రి ఫ్యానీ బర్నీతో సహా, వద్దంటే వద్దన్నారు. 1783లో ఆమె లొంగిపోయింది. అతను ఉత్తరాలన్నీ క్వీనీ చేతికిచ్చేసి ఇటలీ వెళ్లిపోయాడు. ఆ వసంతంలోనే నాలుగేళ్ల చిన్న కూతురు హారియట్ చనిపోయింది. హెస్టర్ బాత్ నగరంలో మంచం పట్టింది. చిక్కి సగమైంది. చివరికి వైద్యుడు ఇది మందులతో పోయే జబ్బు కాదు, ఆయన్ని పిలిపించండి అన్నాడు. కూతుళ్లు అయిష్టంగా సరే అన్నారు. 1784 జూలైలో అతను తిరిగొచ్చాడు, ఆ నెలలోనే పెళ్లయింది.

జాన్సన్‌కి సంగతి తెలిసి రాసిన ఉత్తరం చదివితే ఇప్పటికీ గుండె చివుక్కుమంటుంది. పిల్లల్నీ, మతాన్నీ వదిలేశావన్నట్టు రాశాడు. ఆమె తల వంచలేదు. నా రెండో భర్త పుట్టుక మొదటి భర్త పుట్టుక కంటే తక్కువ కాదు, వృత్తీ తక్కువ కాదు, మీరు మాట మార్చుకునేదాకా మనం మాట్లాడుకోవద్దు అనే అర్థంతో జవాబిచ్చింది. నిజమే కదా? బీరు కాచడం ఎక్కువా, పాట పాడటం తక్కువా? ముసలాయన తర్వాత మెత్తబడి, ఆమె చేసిన మేలు తలుచుకుంటూ ఒక ఉత్తరం రాశాడు. మళ్లీ కలవలేదు. ఆ డిసెంబరులో పోయాడు.

పత్రికలు ఆడిపోసుకున్నాయి. ఫ్యానీ స్నేహం తెగిపోయింది. కూతుళ్లు దూరంగా ఉన్నారు. వాళ్ల వైపు నుంచి చూస్తే నేను పూర్తిగా తప్పు పట్టలేను. అంతమంది తోబుట్టువుల్ని పోగొట్టుకున్న పిల్లలు, తండ్రి పోయి మూడేళ్లు, తల్లి ఎవరో కొత్త మనిషితో దేశం దాటింది. ఆఖరి పిల్ల సిసిలియాకి అప్పుడు ఏడేళ్లు. ఆ పిల్లని కూడా వదిలి వెళ్లిందన్న మాట హెస్టర్‌ని చివరిదాకా వెంటాడింది.

వెళ్లింది ఎక్కడికో తెలుసా? ఇటలీకి. హారీ చావుతో ఆగిపోయిన ప్రయాణం ఎనిమిదేళ్లకు అలా పూర్తయింది. ఫ్లారెన్స్‌లో కూర్చుని జాన్సన్ జ్ఞాపకాల పుస్తకం రాసింది. 1786 మార్చిలో లండన్‌లో విడుదలైన రోజే అన్ని ప్రతులూ అమ్ముడైపోయాయి, రాజుగారు రాత్రి ఒక ప్రతి కోసం మనిషిని పంపితే కొట్లో మిగల్లేదట. తర్వాత ఆయన ఉత్తరాలు అచ్చు వేయించింది, తన యాత్ర గురించి రాసింది, మాటల అర్థాల మీద ఒక పుస్తకం, ప్రపంచ చరిత్ర మీద ఇంకో పుస్తకం రాసింది. నలభై అయిదేళ్లు దాటాక రచయిత్రి అయిందన్నమాట. అవి చదివి ముక్కు విరిచిన మగ పండితులు కొందరు ఉన్నారు, ఆడది మాట్లాడినట్టే రాస్తుందని వాళ్ల ఫిర్యాదు. నాకైతే అదే నచ్చింది.

పియోట్సితో ఇరవై అయిదేళ్లు కాపురం చేసింది. అతను ఆస్తి తగలేస్తాడని అందరూ అన్నారు. తగలేయలేదు, జాగ్రత్తగా లెక్కలు చూసుకునే మనిషి. వేల్స్‌లో ఆమె సొంత నేల మీద ఇల్లు కట్టారు. కొండ అనే అర్థం వచ్చే వెల్ష్ మాట, అందం అనే అర్థం వచ్చే ఇటాలియన్ మాట కలిపి బ్రిన్‌బెల్లా అని పేరు పెట్టుకున్నారు. 1809 మార్చిలో గౌటు జబ్బుతో అతను చనిపోయాడు. థ్రేలియానాలో ఆఖరి రాత అదే. మొదటి భర్త ఇచ్చిన పుస్తకంలో చివరగా ఎక్కింది రెండో భర్త మరణమని ఆమే గమనించి రాసి, కలం పక్కన పెట్టింది. ఆ పుస్తకాలు అచ్చయింది 1942లో.

తర్వాత బాత్‌లో స్థిరపడింది. పియోట్సి సోదరుడి కొడుకుని పెంచుకుని, ఇల్లు అతనికే ఇచ్చేసింది. అప్పులు చేసింది, స్ట్రెటమ్ గోడల మీదున్న రెనాల్డ్స్ బొమ్మలు అమ్మేసింది. 1820 జనవరి 27న ఎనభయ్యో పుట్టినరోజని చెప్పి (నిజానికి డెబ్బై తొమ్మిదే!) బాత్‌లో ఆరు వందల మందికి పైగా పిలిచి విందు, సంగీతం, నాట్యం పెట్టింది. మొదటి నాట్యం తనే చేసింది. మరుసటి ఏడాది మే 2న బ్రిస్టల్ దగ్గర క్లిఫ్టన్‌లో పోయింది. కూతుళ్లు ఆఖరి రోజుల్లో వచ్చి దగ్గరున్నారు.

హెన్రీ థ్రేల్ సమాధి స్ట్రెటమ్ చర్చిలో ఉంది. హెస్టర్ అక్కడ లేదు. వేల్స్‌లో, ట్రెమెయిర్కియన్ అనే చిన్న ఊరి చర్చిలో, పియోట్సి పక్కన ఉంది.